వార్డ్‌రోబ్‌లో ఏసీ: ముందు తెరిచి ఉంచాలా, పట్టీలు కొట్టించాలా, వేరే గోడ చూసుకోవాలా?

డిజైనర్ పంపే త్రీడీ బొమ్మలో అన్నీ బాగానే ఉంటాయి. గోడ పొడుగునా వార్డ్‌రోబ్, దాని మీద సీలింగ్ దాకా లాఫ్ట్, మధ్యలో సన్నటి చెక్క పట్టీలు, ఆ పట్టీల వెనక ఏసీ ఉందంటే ఉంది, లేదంటే లేదు. కానీ ఆ బొమ్మలో డ్రెయిన్ పైపు ఉండదు, కాపర్ పైపు ఉండదు, నిచ్చెనెక్కి ఫిల్టర్ ఊడదీసే మనిషి ఉండడు, మే నెల అసలే ఉండదు.

అలాగని దీన్ని షోకు కోసం అడిగే ప్రశ్న అని కొట్టిపారేయలేం. హైదరాబాద్‌లో నల్లగండ్ల, తెల్లాపూర్, నార్సింగి, మియాపూర్ వైపు కొత్త ఫ్లాట్లలో బెడ్‌రూమ్ 11 బై 12 అడుగులు ఉంటే గొప్ప. ఒక గోడకు కిటికీయో బాల్కనీ తలుపో, ఇంకో గోడకు గది తలుపూ బాత్రూమ్ తలుపూ, మూడో గోడకు మంచం తలవైపు. వార్డ్‌రోబ్‌కి మిగిలేది ఒక్క గోడ, చాలాసార్లు బిల్డర్ ఏసీ పాయింటూ డ్రెయిన్ పాయింటూ ఇచ్చి వదిలేసేది కూడా ఆ గోడకే. గేటెడ్ కమ్యూనిటీ అయితే ఔట్‌డోర్ యూనిట్ ఎక్కడ కూర్చోవాలో కూడా వాళ్లే తేల్చేసి ఉంటారు, ఎలివేషన్, అంటే భవనం బయటి అందం, పాడవుతుందని వేరే చోట పెట్టనివ్వరు. ఇక ఏసీ, వార్డ్‌రోబ్ ఒకే గోడ మీద సర్దుకోక తప్పదు.

నా మాట ముందే చెప్పేస్తాను. ఏసీ కింద ఫర్నిచర్ ఉండొచ్చు, పక్కన ఉండొచ్చు, ముందు మాత్రం ఏమీ ఉండకూడదు. ఏసీ కంటికి కనపడకూడదు అన్నదే పట్టుదల అయితే, దాచడానికే తయారుచేసిన మిషన్ వేరే ఉంది, అది కొనుక్కోండి. గోడకు తగిలించే మామూలు స్ప్లిట్ ఏసీ కొని, దాన్ని చెక్కపెట్టెలో పెట్టి, ముందు జాలీ కొట్టించడం అన్నిటికంటే ఆఖరి దారి. డిజైనర్లు ఎక్కువగా చూపించేది మాత్రం అదే.

ఏసీ గాలి ఎటు తీసుకుని ఎటు వదులుతుందంటే

బయటి గాలిని చల్లబరిచి లోపలికి పంపుతుందని ఇప్పటికీ చాలామంది అనుకుంటారు. స్ప్లిట్ ఏసీ అలా చేయదు. గదిలో ఉన్న గాలినే నెత్తిమీది సందుల్లోంచి లాక్కుంటుంది, ఫిల్టర్ దాటించి కాయిల్ మీదుగా తిప్పి, కింద ముందువైపు ఉన్న పొడుగాటి సందులోంచి విసురుతుంది. గది ఎంత వేడిగా ఉందో దానికి తెలిసేది కూడా ఆ లోపలికి వచ్చే గాలి దారిలో పెట్టిన చిన్న సెన్సర్ వల్లే. అంటే మంచం దగ్గర ఎంత ఉందన్నది ఏసీకి అక్కర్లేదు, దాని నెత్తి దగ్గర ఎంత ఉందన్నదే లెక్క.

ఇప్పుడు దాని ముందు పట్టీలు కొట్టారనుకోండి. కింది నుంచి విసిరిన చల్లగాలిలో కొంత పట్టీలకు తగిలి వెనక్కి తిరుగుతుంది, పైకెక్కుతుంది, మళ్లీ నెత్తిలోంచి లోపలికే పోతుంది. పెట్టెలో 24 డిగ్రీలు అయిపోయింది కాబట్టి గది కూడా 24 అయిపోయిందని మిషన్ అనుకుంటుంది. ఇన్వర్టర్ ఏసీ అయితే కంప్రెసర్ వేగం తగ్గించేస్తుంది, పాతరకం అయితే టక్కున ఆగిపోతుంది. మంచం మీద పడుకున్నవాళ్లకు మాత్రం చెమట పడుతూనే ఉంటుంది. 2020 జనవరి నుంచి బీఈఈ (కరెంటు ఆదాకు స్టార్ రేటింగులిచ్చే కేంద్ర సంస్థ) నియమం ప్రకారం స్టార్ లేబుల్ ఏసీలు 24 డిగ్రీల డిఫాల్ట్‌తోనే వస్తున్నాయి, మామూలుగా అమర్చిన ఏసీకి ఆ 24 చక్కగా సరిపోతుంది కూడా. పట్టీల వెనక ఉన్న ఏసీ ఉన్న ఇంట్లో రిమోట్ మీద ఎప్పుడు చూసినా 18 కనిపిస్తుంది. తర్వాత గ్యాస్ తక్కువైందని టెక్నీషియన్‌ని పిలుస్తారు, గ్యాస్ సరిగ్గానే ఉంటుంది.

ఇంకో సంగతి. గాలి సరిగ్గా ఆడకపోతే కాయిల్ అతిగా చల్లబడి మంచు కడుతుంది. ఆ మంచు కరిగినప్పుడు నీళ్లు ట్రేలో పట్టక బయటకు కారతాయి, కారేది మీ ప్లై మీదకే. హైదరాబాద్ ఎండాకాలం పొడిగా ఉంటుంది కాబట్టి ఏప్రిల్, మేలో ఈ తడి గొడవ పెద్దగా కనపడదు. జూన్ దాటి వానలు పడి గాలిలో చెమ్మ పెరిగాక, చల్లగాలి నేరుగా తగిలే చెక్క కింద చెమట బొట్లు కడతాయి. చెక్క అంచులకు అంటించే పట్టీ (ఎడ్జ్ బ్యాండింగ్) ఎక్కడో కాస్త లేచి ఉంటే చాలు, ఎండీఎఫ్, పార్టికల్ బోర్డు లాంటివి అక్కడి నుంచే ఉబ్బడం మొదలుపెడతాయి.

కొన్ని ఏసీల రిమోట్‌లోనే సెన్సర్ ఉంటుంది. రిమోట్ ఎక్కడుందో అక్కడి వేడి చూసి నడుస్తాయి, 'ఫాలో మీ' అనో 'ఐ ఫీల్' అనో బటన్ ఉంటుంది చూడండి. సెన్సర్ మోసపోకుండా ఇది పనికొస్తుంది. గాలికి అడ్డం ఉన్న పట్టీల్ని మాత్రం అది తీసెయ్యదు కదా.

మొదటి దారి: వార్డ్‌రోబ్‌ను రెండు ముక్కలు చేసి మధ్యలో గోడ వదలడం

నాకు నచ్చేది ఇదే. గోడ పొడుగునా ఒకే వార్డ్‌రోబ్ కాకుండా అటొకటి ఇటొకటి పెట్టించి, మధ్యలో నాలుగున్నర అడుగుల గోడ వదిలేసి, పైన ఏసీ నేరుగా గోడకే తగిలించడం, కింద డ్రెస్సింగ్ టేబులో చదువుకునే బల్లో సొరుగులో పెట్టుకోవడం. ఏసీ బరువు గోడ మోస్తుంది, సర్వీసింగ్‌కి ఎవరూ ఏదీ ఊడదీయక్కర్లేదు, రేపు ఏసీ మార్చినా వార్డ్‌రోబ్ జోలికి పోనక్కర్లేదు.

నష్టం ఏంటంటే బట్టలు పెట్టుకునే జాగా తగ్గుతుంది. నిజమే, కానీ కింద సొరుగులు వస్తాయి, అక్కడ మడత బట్టలు, ఇస్త్రీ చీరలు హాయిగా పడతాయి. పోయేది హ్యాంగర్లకు వేలాడదీసే చోటూ, పైన లాఫ్ట్ ముక్కా. సూట్‌కేసులు ఎక్కడ పెట్టుకోవాలి అంటారా, మిగతా లాఫ్ట్ ఉంది కదా.

ఇందులోనూ ఒక చిక్కుంది. వార్డ్‌రోబ్ లోతు 2 అడుగులు, ఏసీ లోతు 8, 9 అంగుళాలు. అంటే ఏసీకి రెండు పక్కలా వార్డ్‌రోబ్ గోడల్లా ముందుకు పొడుచుకొస్తుంది, గాలి కుడిఎడమలకు తిప్పే స్వింగ్ అక్కడ పెద్దగా పనిచేయదు, గాలి సూటిగానే వస్తుంది. మంచం ఎదురుగా ఉంటే ఇది సమస్యే కాదు. మంచం ఓ మూలకు ఉంటే మాత్రం ఆలోచించాలి. వార్డ్‌రోబ్ చివర మూల పెట్టెలాగా కాకుండా తక్కువ లోతు ఓపెన్ షెల్ఫులు పెట్టించుకుంటే పక్కలు కొంచెం తెరుచుకుంటాయి. ఏసీకి ఇరువైపులా కనీసం 6 అంగుళాలు వదలండి, చెయ్యి పట్టాలి, స్క్రూడ్రైవర్ తిరగాలి. పక్కనున్న లాఫ్ట్ షట్టర్లు తెరిస్తే ఏసీ మూతికి అడ్డం వస్తాయేమో కూడా కాగితం మీదే చూసుకోండి, కబ్జా (షట్టర్ తిరిగే బందు) అటువైపుకి మారిస్తే పోయేదానికి తర్వాత గొడవెందుకు.

కింద పిల్లల చదువు బల్ల పెట్టేవాళ్లకు ఒక మాట: రాత్రి తొమ్మిదింటికి ఆ కుర్చీలో కూర్చున్నవాళ్ల నెత్తి మీదే చల్లగాలి పడుతుంది. లూవర్ (గాలిని తిప్పే రెక్క) పైకి ఎత్తి పెట్టుకుంటే గాలి సీలింగ్ వెంబడే ముందుకు పోయి దూరంగా దిగుతుంది, గది కూడా అలాగైతేనే సమంగా చల్లబడుతుంది. సైనస్ ఉన్నవాళ్లు ఇంట్లో ఉంటే బల్ల వద్దు, డ్రెస్సింగ్ టేబులే పెట్టుకోండి.

రెండో దారి: లాఫ్ట్ ఎత్తులో గూడు

మన దగ్గర ఎక్కువ ఇళ్లలో జరిగేది ఇదే. కింద వార్డ్‌రోబ్ కొనసాగుతుంది, పైన లాఫ్ట్ ఉండాల్సిన చోట ఒక ముక్క ఖాళీ వదిలి అందులో ఏసీ. జాగా పోదు, చూడ్డానికి కుదురుగా ఉంటుంది, సరిగ్గా చేస్తే గాలి కూడా బాగానే వస్తుంది. కాకపోతే 'సరిగ్గా చేస్తే' అన్న మాట దగ్గరే అంతా ఉంది.

ఎత్తు లెక్క చూద్దాం. స్లాబ్ దాకా తొమ్మిదిన్నర అడుగులు ఉందనుకుందాం. ఫాల్స్ సీలింగ్ 5 అంగుళాలు తింటుంది. మిగిలింది 9 అడుగుల 1 అంగుళం. వార్డ్‌రోబ్ 7 అడుగులు. గూటికి మిగిలేది 25 అంగుళాలు. ఏసీ ఎత్తు 12 అంగుళాల దాకా ఉంటుంది, పైన 6 వదిలితే కింద 7 మిగులుతుంది. సరిపోయింది. కానీ కార్పెంటర్ ఫాల్స్ సీలింగ్ రాకముందే వచ్చి స్లాబ్ నుంచి కొలుచుకుని పోతాడు, తర్వాత సీలింగ్‌వాడు తన పని తను చేసుకుపోతాడు, ఏసీ నెత్తి మీద చివరికి ఒక అంగుళం మిగులుతుంది. ఏసీ గాలి పీల్చేదే నెత్తితో అన్నాం కదా. ప్రతి ఏసీ ఇన్‌స్టాలేషన్ మాన్యువల్‌లో పైనా పక్కలా ఎంత ఖాళీ ఉండాలో బొమ్మేసి మరీ ఇస్తారు, మోడల్‌ని బట్టి మారుతుంది, ఆ పేజీ ఫోటో తీసి కార్పెంటర్‌కీ సీలింగ్ మనిషికీ ఇద్దరికీ పంపండి.

ఎత్తు చాలామంది చూసుకుంటారు, లోతు ఎవరూ చూడరు. గూడు లోతు 24 అంగుళాలు, ఏసీ లోతు 9. వెనక గోడకు తగిలిస్తే ఏసీ ముందు 15 అంగుళాల అరుగు మిగులుతుంది, అదే వార్డ్‌రోబ్ నెత్తి. ఏసీ విసిరే గాలి ముందుకీ కిందకీ పోవాలి, పోయి ఆ అరుగుకే కొట్టుకుంటుంది. కొంత గాలి గూట్లోనే తిరుగుతుంది, అంటే పట్టీలు కొట్టకపోయినా పట్టీల బాధే. దీనికి మందు, ఏసీని ముందుకు తీసుకురావడం. గూట్లో వెనక గోడకు కాకుండా, ముందుకు ఒక దొంగ గోడలాగా మందంపాటి ప్లైతో ఫ్రేమ్ కట్టించి, ఏసీ మూతి షట్టర్ల వరుసకు సమానంగా, ఇంకా కుదిరితే ఒకటి రెండు అంగుళాలు బయటకే వచ్చేలా తగిలించాలి. అప్పుడు గాలికి అడ్డం ఉండదు, కింద బట్టల షట్టర్లకు కూడా నేరుగా తగలదు.

ఆ దొంగ గోడ విషయంలో కక్కుర్తి పడకండి. ఇండోర్ యూనిట్ పది కిలోల పైనే ఉంటుంది, పైగా నడుస్తున్నంతసేపూ సన్నగా అదురుతూ ఉంటుంది. వార్డ్‌రోబ్ వెనక కొట్టే 6 ఎంఎం షీటు మీద తగిలించడం గురించి ఆలోచనే వద్దు. 19 ఎంఎం ప్లై, దాన్ని అసలు గోడకు ఇనుప యాంగిళ్లతో బిగించి, మధ్యలో రబ్బరు బుష్‌లు. లేకపోతే వెనక ఉన్న ఖాళీ పెట్టె అంతా కలిసి రాత్రిపూట బుర్రుమని మోగుతుంది. ఈ గూటి వరకైనా ఐఎస్ 710 ముద్ర ఉన్న ప్లై వాడమనండి, అంటే నీటికి తట్టుకునే మెరైన్ రకం. వార్డ్‌రోబ్ మొత్తం అదే పెట్టక్కర్లేదు, గూడు అడుగు, పక్కలు, వెనక అయితే చాలు, దానికయ్యే తేడా పెద్దదేం కాదు.

దొంగ గోడ వెనక మిగిలే అడుగు పైచిలుకు సందులోంచి పైపులు పోతాయి. ఆ సందులోకి చెయ్యి పెట్టే దారి ఉండాలి. పక్క లాఫ్ట్ లోపలి పలకను మేకులతో కొట్టెయ్యకుండా నాలుగు స్క్రూలతో బిగించమంటే సరిపోతుంది, అవసరమైనప్పుడు సూట్‌కేసులు దించి ఆ పలక తీస్తే పైపు జాయింట్లు అందుతాయి.

డబ్బుల దగ్గర చిన్న సంగతి. హైదరాబాద్‌లో వుడ్‌వర్క్ కొటేషన్ చాలావరకు చదరపు అడుగుల లెక్కే. లాఫ్ట్ మొత్తం పొడుగు కొలిచి రాసేటప్పుడు ఏసీ కోసం వదిలిన ఖాళీని కూడా షట్టర్ ఉన్నట్టే కలిపేస్తారు కొందరు. అడిగితే తీసేస్తారు. అడగాలి.

మూడో దారి: ముందు పట్టీలు, జాలీ, బెత్తం అల్లిక

ఎందుకు వద్దో పైన చెప్పాను. అయినా కావాలి అంటే రకాల మధ్య తేడా ఉంది, అన్నీ ఒకేలా చెడ్డవి కావు.

అన్నిటికంటే నయం, పైకి లేచే షట్టర్. కిచెన్ క్యాబినెట్లకు వాడే లిఫ్ట్-అప్ కబ్జాలు ఉంటాయి కదా, వాటితో. ఏసీ వేసుకున్నప్పుడు షట్టర్ ఎత్తి ఉంచాలి, ఆపాక మూసుకోవచ్చు. చలికాలం నాలుగు నెలలు మూసి ఉంచితే దుమ్ము కూడా పడదు. చిక్కల్లా అలవాటుతోనే: పిల్లలు రిమోట్ నొక్కుతారు కానీ షట్టర్ ఎత్తరు, ఇంటికొచ్చిన అత్తయ్యగారికి అది తెరుచుకుంటుందనే తెలియదు. పైగా 8 అడుగుల ఎత్తున ఉన్న షట్టర్ రోజూ ఎవరు ఎత్తుతారు చెప్పండి.

తర్వాత, మొత్తం ఊడొచ్చే అడ్డ పట్టీల ఫ్రేమ్. మాగ్నెట్లతోనో క్లిప్పులతోనో నిలబడాలి, మేకులూ గమ్మూ వద్దు. పట్టీలు సన్నగా, మధ్య సందులు పట్టీ కంటే చాలా వెడల్పుగా ఉండాలి, గాలి బయటకొచ్చే చోట మాత్రం ఒక్క పట్టీ కూడా ఉండకూడదు. అలా కింద తెరిచి పైన పట్టీలు పెడితే చాలదా అంటే, కొంత నయమే కానీ పైనుంచి గాలి పీల్చుకునే దారి కూడా ఆ ముందువైపు నుంచే కదా వెళ్లేది, అది ఇరుకైపోతుంది. రెండు వైపులా తెరిస్తే ఇక దాచింది ఏమీ లేదు.

బిగించేసిన సీఎన్‌సీ (మిషన్‌తో కోసిన) జాలీ, బెత్తం అల్లిక షట్టర్లు ఇప్పుడు బాగా నడుస్తున్న ఫ్యాషన్. చూడ్డానికి ఎంతో ముచ్చటగా ఉంటాయి, చెప్పుల స్టాండుకో పూజ గదికో పెట్టుకోండి. వెనక ఏసీ ఉంటే మాత్రం సగానికి సగం మూసేసినట్టే. ఏసీ ముందు మూత పైకి లేస్తేనే ఫిల్టర్ బయటకొస్తుంది, రెండు వారాలకోసారి ఆ ఫిల్టర్ కడగాలి, బిగించిన జాలీ వెనక ఉన్న ఫిల్టర్‌ని ఎవరు కడుగుతారు?

పడమటి గోడ ఎండకు కాలే గదిలోనూ, పైన ఇంకో ఫ్లోర్ లేని ఇంట్లోనూ ఈ మూడో దారి పూర్తిగా మర్చిపోండి. అక్కడ ఏసీ ఉన్న బలమంతా పెడితేనే చాలీచాలకుండా ఉంటుంది.

నాలుగో దారి: దాచడానికే పుట్టిన ఏసీ

కన్సీల్డ్ డక్ట్ యూనిట్, సన్న రకం. దీనికి గోడ ఏసీలాంటి ప్లాస్టిక్ ముఖం ఉండదు, రేకు పెట్టె. గ్రిల్లు, కొంత డక్టు (గాలి పోయే గొట్టం) దాటించి గాలిని తోయగలిగేలా దీని బ్లోయర్‌ని తయారుచేస్తారు, అందుకే లాఫ్ట్‌లోనో ఫాల్స్ సీలింగ్‌లోనో పెట్టినా గాలి బయటకు వస్తుంది. వార్డ్‌రోబ్ పైన సన్నటి పొడుగు గ్రిల్ ఒక్కటే కనిపిస్తుంది. డిజైనర్ బొమ్మలో ఉన్నది నిజంగా ఇంట్లో కావాలంటే దారి ఇదొక్కటే.

ఖర్చు ఎక్కువ. యూనిట్ ధర ఎక్కువ, డక్టు పని వేరే, గ్రిల్లులు వేరే, గోడ ఏసీలకు దొరికినన్ని మోడళ్లూ దొరకవు, వేసేవాళ్లకు కూడా పనితనం ఉండాలి. గాలి వదిలే గ్రిల్, గాలి వెనక్కి తీసుకునే గ్రిల్ రెండూ వేరువేరుగా, దూరదూరంగా ఉండాలి, పక్కపక్కనే పెట్టేస్తే అంత డబ్బు పోసి కూడా మళ్లీ పట్టీల కథే. కింద ట్రాప్ డోర్ పెద్దది పెట్టించండి, మనిషి భుజాల దాకా పట్టాలి. అందం కోసం అడుగు బై అడుగు ట్రాప్ డోర్ పెట్టించుకున్నవాళ్లు, మోటార్ పోయిన రోజున సీలింగ్ కోయించుకుంటారు. నీళ్లు బయటకు పోవడానికి వాలు దొరక్కపోతే డ్రెయిన్ పంప్ కావాలి, అది ముందే కొటేషన్‌లో రాయించుకోండి.

సొంత ఇల్లు, హాలూ మాస్టర్ బెడ్‌రూమూ మొత్తం కొత్తగా ఇంటీరియర్ చేయిస్తున్నారు, సీలింగ్ అడుగు దిగినా పర్లేదు అనుకునేవాళ్లకు ఇది సరైన ఎంపిక. ఒక్క చిన్న బెడ్‌రూమ్ కోసమైతే అంత అవసరమా అని ఆలోచించండి. సీలింగ్‌లో అమర్చే క్యాసెట్ ఏసీ సంగతీ దాదాపు అంతే, సీలింగ్ పైన జాగా కావాలి, 9 అడుగుల బెడ్‌రూమ్‌కి బరువైపోతుంది.

వేరే గోడ

ఇది ఎవరికీ గుర్తురాదు. కిటికీ పైన చూశారా? కిటికీ సాధారణంగా 7 అడుగుల దగ్గర ఆగిపోతుంది, పైన రెండు అడుగుల చిల్లర గోడ ఊరికే ఉంటుంది. అది బయటి గోడ కాబట్టి కాపర్ పైపు పొట్టిగా సరిపోతుంది, డ్రెయిన్ నేరుగా బయటకు దిగిపోతుంది, వార్డ్‌రోబ్ మొత్తం మీకే. ఏసీ కింద కర్టెన్ రాడ్‌కి కొంచెం ఖాళీ వదలాలి, కర్టెన్ ఏసీ గాలికి ఎగరకుండా రాడ్ గోడకు దగ్గరగా ఉండాలి, అంతే. పాత ఇళ్లలో ఆ ఎత్తులో సజ్జ కొట్టి ఉంటుంది, అప్పుడు కుదరదు. మంచం తలవైపు గోడ కూడా మంచిదే, గాలి పడుకున్నవాళ్ల మీదుగా దాటిపోతుంది, డ్రెయిన్ మూసుకుపోతే మాత్రం నీళ్లు పరుపు మీదే.

బిల్డర్ ఇచ్చిన పాయింట్ ఇంకో గోడకు ఉందే అంటారేమో. పైపును తిప్పి తెచ్చుకోవచ్చు. ఏసీతోపాటు వచ్చే పైపు సాధారణంగా 3 మీటర్లు, పైన అడుగుకింత అని తీసుకుంటారు, మాన్యువల్‌లో రాసిన పొడుగు దాటితే గ్యాస్ కూడా అదనంగా నింపాలి. ఫాల్స్ సీలింగ్ వేయించుకునే ఇంట్లో ఇది పెద్ద పని కాదు. కరెంటు వైరు సంగతి కూడా అప్పుడే చూసుకోండి, ఒకటిన్నర టన్నుకు మన ఎలక్ట్రీషియన్లు మామూలుగా 4 స్క్వేర్ ఎంఎం వైరు లాగుతారు. సాకెట్ చేతికందేలా ఉండాలి, దొంగ గోడ వెనకా కాదు, బట్టల మధ్యా కాదు.

పైపుల సంగతి

ఏ దారి తీసుకున్నా వార్డ్‌రోబ్‌ను చివరికి పాడుచేసేది డ్రెయిన్ పైపే. నీళ్లు వాటంతట అవే కిందికి పోవాలి, మీటరుకు కనీసం ఒక సెంటీమీటరు వాలు. మధ్యలో ఎక్కడా పైకి లేవకూడదు, జారి వేలాడకూడదు. వానాకాలంలో రాత్రంతా ఏసీ నడిస్తే బకెట్ నీళ్లు వస్తాయి, అవన్నీ మీ పట్టుచీరల వెనక నుంచే పోతున్నాయని గుర్తుంచుకుంటే పని నాసిగా చేయనివ్వరు. ఆ నీళ్లు చల్లగా ఉంటాయి కాబట్టి పైపుకు బయట కూడా చెమట పడుతుంది, వార్డ్‌రోబ్ లోపల నడిచే డ్రెయిన్ పైపుకు కూడా నల్ల రబ్బరు గొట్టం తొడిగించాల్సిందే. ప్లై మూసేముందు ఒక సీసా నీళ్లు ట్రేలో పోసి బయట ఎంతసేపటికి పడుతున్నాయో మీరే నిలబడి చూడండి. పోసినవన్నీ రాకపోతే మూయనివ్వొద్దు.

కాపర్ పైపులు రెండిటికీ విడివిడిగా ఇన్సులేషన్ ఉండాలి. సన్న పైపుకు ఎందుకులే అంటారు కొందరు. మన స్ప్లిట్ ఏసీల్లో గ్యాస్ ఒత్తిడి తగ్గేది ఔట్‌డోర్ యూనిట్‌లోనే, కాబట్టి ఆ సన్న పైపు కూడా చల్లగానే వస్తుంది, అది కూడా చెమట కారుస్తుంది.

జాయింట్లు బట్టలుండే అరలో రాకుండా చూడండి. ఇప్పుడు వచ్చే ఏసీల్లో ఎక్కువగా ఉండేది ఆర్32 గ్యాస్, కాస్త మండే స్వభావం ఉన్నది, కొన్నిటిలో ఆర్290 ఉంటుంది, అది ఇంకా ఎక్కువ మండుతుంది. రెండూ గాలికంటే బరువు, లీకైతే మూసి ఉన్న అర అడుగున చేరతాయి. టెన్షన్ పడాల్సినంత ఏమీ లేదు, జాయింట్ గాలి ఆడే చోట, చేతికందే చోట ఉంటే చాలు. గోడకు కొట్టిన కంతను కూడా పుట్టీతో పూడ్పించండి, లేకపోతే బొద్దింకలూ బల్లులూ ఆ దారినే నేరుగా వార్డ్‌రోబ్‌లోకి దిగుతాయి.

పని ఏ వరుసలో

ముందు ఏసీ మోడల్ తేల్చుకోండి, తర్వాతే కార్పెంటర్. ఒక టన్ను యూనిట్ రెండున్నర అడుగుల పైచిలుకు ఉంటుంది, ఒకటిన్నర టన్ను 5 స్టార్‌లో కొన్ని మూడున్నర అడుగులకు దగ్గరగా వెళ్తాయి. గూడు మాత్రం ఈరోజు కొనే ఏసీ కొలతకు కట్టించకండి. వార్డ్‌రోబ్ కంటే ఏసీయే ముందు పోతుంది, వచ్చే ఏసీ దీనికంటే పొడుగ్గా ఉండొచ్చు. నాలుగున్నర అడుగులు వదిలితే ఏదైనా పడుతుంది.

పైపులు, డ్రెయిన్, వైరు ముందు. లీక్ టెస్ట్ చేయించి, పైపు కొసలు మూసి, తర్వాత చెక్క పని. ఏసీ తగిలించేది మాత్రం పాలిష్, పెయింట్ అన్నీ అయ్యాక. కార్పెంటర్లు ఇంకా రంపం ఆడిస్తుండగా, ఎండగా ఉంది భయ్యా అని ఏసీ వేసుకుంటే, ఆ పొడి అంతా కాయిల్‌కి పట్టేస్తుంది.

డిజైన్ ఓకే చేసేముందు ఒక్కసారి ఏసీ సర్వీసింగ్ చేసే అబ్బాయిని పిలిచి డ్రాయింగ్ చూపించండి. నిచ్చెన ఎక్కడ వేస్తావు, కింద నీళ్లు పట్టే కవర్ ఎక్కడ కడతావు, యూనిట్‌ను ప్లేటు మీంచి పైకి ఎత్తి ఊడదీయాలంటే పైన జాగా ఉందా, ఈ మూడూ అడగండి. "సార్, ఇది తీయాలంటే ముందు కార్పెంటర్‌ని పిలవాలి" అన్నాడంటే ఆ డ్రాయింగ్ వెనక్కి పంపెయ్యండి.

అద్దె ఇంట్లో ఉన్నవాళ్లు ఇదంతా చదివి బుర్ర పాడుచేసుకోవద్దు, ఖాళీ గోడ ఎక్కడుంటే అక్కడ తగిలించుకోండి, లేదా కిటికీ ఏసీ.

ఇప్పటికే పట్టీల వెనక ఏసీ పెట్టించేసుకున్నవాళ్లు కంగారుపడి ఏదీ పగలగొట్టకండి. ముందు రెండు మామూలు డిజిటల్ థర్మామీటర్లు తీసుకోండి, ఒకటి దిండు పక్కన, ఒకటి ఏసీ నెత్తి మీద. ఓ గంట నడిచాక రెండూ చూడండి. దిండు దగ్గరకంటే నెత్తి దగ్గర మూడు నాలుగు డిగ్రీలు తక్కువగా ఉందంటే చల్లగాలి తిరిగి తిరిగి దాని నోట్లోకే పోతోందన్నమాట. అప్పుడు కింద గాలి వచ్చే చోటున్న పట్టీలు మాత్రం ముందు తీయించి మళ్లీ కొలవండి, తేడా తగ్గకపోతే ఫ్రేమ్ మొత్తం తీసేసి అంచులకు లామినేట్ పట్టీ కొట్టించేస్తే సరి, కార్పెంటర్‌కు ఒక పూట పని. గూడు లోతుగా ఉండి ఏసీ వెనక్కి ఉంటే మాత్రం దాన్ని ముందుకు జరిపించాలి, పైపు కొంచెం పొడిగించాల్సి వస్తుంది, ఆ పని వేసవి రాకముందే, జనవరిలోనో ఫిబ్రవరిలోనో పెట్టుకోండి. ఏప్రిల్‌లో పిలిస్తే టెక్నీషియన్లు ఫోన్ కూడా ఎత్తరు.